మొఖం కడిగినంక

అమ్మవారి రంగు పూసుకున్న మనిషికి మొక్కితే, ఆ మొక్కు ఎవరికి చెందుతది?

మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. మాదాపూర్ దిక్కు సర్కారు బడిలో పాఠాలు చెప్తున్న. 1998లో తెరిచిన సైబర్ టవర్స్ మా బడికి నడిచిపోయేంత దూరం.

మా చిన్నాయన ఏండ్లకేండ్లు ఆషాఢ బోనాలకు పోతరాజు. ఒళ్ళంతా పసుపు, మొఖం నిండా కుంకుమ, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేతిల ఈరగోల. రంగే ఆయన ముసుగు. ఆ రంగు ఉన్నంతసేపు ఆయన అమ్మవారి తమ్ముడు; పెద్దింటోళ్ళు సుత వంగి కాళ్ళు మొక్కుతరు. పోయినేడు ఒక గేటెడ్ అపార్టుమెంటోళ్ళు పైసలిచ్చి పిలిచిండ్రు. సాఫ్టువేర్ పిల్లలు సెల్ఫీలు దిగిండ్రు. రంగు కడుక్కునేటందుకు వెనక పనోళ్ళ నల్లా చూపిచ్చిండ్రు. కడుక్కొని వస్తుంటే ఏ ఫ్లాటుకు పనికొచ్చినవని గేటుకాడ ఆపిండ్రు.

"మొక్కింది అమ్మకురా, నాకా?" అని నవ్విండు చిన్నాయన.

మరి అమ్మకే అయితే మధ్యల ఈయన ఒళ్ళెందుకు? సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడ్డ మాతంగి మాటను మంత్రులు సుత చేతులు కట్టుకొని వింటరు. కుండ దిగినంక ఆమె తన కష్టం చెప్పుకుంటే వినేదెవరు? చిందు ఎల్లమ్మ ఎల్లమ్మ వేషం కడితే ఊరు ఊరే దండం పెట్టింది. వేషం విప్పినంక చిందోళ్ళది వెలివాడే. 1988లో జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ చట్టమొచ్చింది. ఆ ఆడబిడ్డలకు సుత దేవత పేరు తగిలించే బతుకు తీసుకున్నరు.

ఉద్యమంల తిరిగే నా దోస్తులు ఆ రంగు పారబొయ్యమంటరు. వాళ్ళ కోపం నాకు తెలుసు. కానీ పోచమ్మను ఎవరికి ఇడిచిపెడదాం? నా చిన్నప్పుడు పోచమ్మంటే వేపచెట్టు కింద రాయి. మొఖం లేదు. పసుపు రాసేది మా అవ్వ. తర్వాత కమిటీ పడ్డది, వెండి మొఖం చేయించిండ్రు. మొఖం వచ్చినంక తాళం వచ్చింది, తాళంతో పూజారి వచ్చిండు. అవ్వ ఇప్పుడు గడప బయట నిలబడి పసుపు అందిస్తది. మనిషి మీద దేవుని మొఖం పెడితే మనిషి కనవడలేదు, రాయి మీద పెడితే అవ్వ కనవడలేదు.

2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయినయి. సంతోషమే.

చిన్నాయన కొడుకు తిండి పార్సిళ్ళ బండి నడుపుతడు. ఈ ఏడు వేషం కట్టనన్నడు. చిన్నాయన బలవంతపెట్టలే. గజ్జెలు మాత్రం మూటగట్టి తెచ్చి, మా ఇంట్ల దాచమన్నడు.