చెవి ఒగ్గిన ఆట

అంధ మహిళల క్రికెట్‌లో తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్ 2025 నవంబరు 23న కొలంబోలో జరిగింది. మొదట బ్యాటింగ్ చేసిన నేపాల్ 114 పరుగులు చేసింది. మన అమ్మాయిలు మూడు వికెట్లు మాత్రమే పోగొట్టుకుని, ఓవర్లు చాలా మిగిలి ఉండగానే గెలిచారు. ఒడిశాకు చెందిన ఫూలా సరేన్ చివరిదాకా నిలిచి 44 పరుగులు చేసింది. 42 పరుగులు చేసిన మరో అమ్మాయి పాంగి కరుణకుమారి. అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు మండలం, వంట్లమామిడి ఆమె ఊరు. అరకు లోయను చుట్టుకుని ఉన్న ఆ తూర్పు కనుమల్లో పుట్టి, విశాఖలోని అంధ బాలికల పాఠశాలలో చదువుకుంటూ ఈ ఆట నేర్చుకుంది. జట్టుకు నాయకత్వం వహించిన దీపిక కూడా తెలుగు నేల బిడ్డే. శ్రీసత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దు పల్లె నుంచి వచ్చింది.

విజయోత్సవాలు జరిగాయి, సన్మానాలు జరిగాయి. జరగవలసినవే. ఆ సందడి సద్దుమణిగాక ఆ ఆటను కాస్త దగ్గరగా చూస్తే, మన పెద్దలు తపస్సు గురించి చెప్పిన విషయాలు కొన్ని అందులో చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

అంధుల క్రికెట్‌లో బంతి గట్టి ప్లాస్టిక్‌తో చేసింది. లోపల చిన్న చిన్న ఇనుప గుండ్లు ఉంటాయి. కదిలితే గలగలమంటుంది, ఆగితే మూగబోతుంది. అందుకే బౌలర్ భుజం పైనుంచి చేయి తిప్పి వేయడానికి లేదు. చేయి కిందినుంచి విసరాలి, పిచ్ సగం దాటకముందే బంతి నేలను తాకాలి. నేలమీద దొర్లుతూ మోగుతూ వచ్చే ఆ శబ్దమే బ్యాటర్‌కు ఆధారం. చాలామంది ఒక మోకాలు నేలకు ఆనించి బ్యాటును అడ్డంగా ఊడ్చినట్టు తిప్పి కొడతారు. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివాళ్లు ఉండాలి. మిగతావాళ్లకు కొద్దోగొప్పో చూపు ఉంటుంది. ఏమాత్రం చూపులేని బ్యాటర్ తీసిన ప్రతి పరుగూ రెండుగా లెక్కిస్తారు. వికెట్ కీపర్ వెనకనుంచి గొంతెత్తి దిక్కు చెబుతుంటే బౌలర్ ఆ గొంతు వైపు బంతి వేస్తుంది.

బంతి వేసే ముందు బౌలర్ ‘రెడీ?’ అని అడగాలి. బ్యాటర్ సిద్ధంగా ఉన్నానని బదులివ్వాలి. బంతి చేతినుంచి వదిలే క్షణంలో బౌలర్ ‘ప్లే’ అని పైకి అనాలి. అనకపోతే అది నోబాల్.

ఈ నియమం దగ్గర కాసేపు ఆగాలి. బౌలర్ ఎవరు? బ్యాటర్‌ను ఓడించాలని వచ్చిన ప్రత్యర్థి. అయినా ఆమె నోటి మాటే బ్యాటర్‌కు మొదటి దారి. ఇప్పుడు వస్తున్నాను, ఇటునుంచి వస్తున్నాను అని ఆమె చెప్పి మరీ రావాలి. బ్యాటర్ ఆ మాట నమ్మి ఆడాలి. ఓడించాలన్న పట్టుదల ఒకవైపు, మోసం చేయనన్న మాట మరోవైపు. ఆ రెండూ ఒకే గొంతులోంచి వస్తాయి. కురుక్షేత్రంలో యుద్ధం మొదలుకాకముందు రెండు పక్షాల వాళ్లూ యుద్ధనియమాలు మాట్లాడుకున్నారు. ఆయుధం లేనివాణ్ని కొట్టకూడదని, ముందుగా హెచ్చరించకుండా మీద పడకూడదని ఒప్పుకున్నారు. రోజులు గడిచేకొద్దీ వాటిని ఒక్కొక్కటే తుంగలో తొక్కారు. రెండు సేనలూ నాశనమయ్యాయి. పోటీలో సత్యం నిలబడితేనే గెలుపుకు విలువ ఉంటుందని మహాభారతం అంత రక్తం పారించి చెప్పింది. ఈ ఆటలో ఆ సత్యం ప్రతి బంతికీ ఒకసారి పలకాల్సిందే. ఆఫీసులోనో, వ్యాపారంలోనో మనతో పోటీపడేవాళ్లను శత్రువులుగా చూడటం మనకు అలవాటైపోయింది. మన లోపం ఎక్కడుందో మొహమాటం లేకుండా చూపించేది వాళ్లే. బంధువులు దాచిపెట్టేది వాళ్లు బయటపెడతారు. అలాంటివాళ్లకు లోపల ఒక నమస్కారం పెట్టుకోగలగడం సాధనలో చిన్న మెట్టు కాదు.

ఇక వినడం సంగతి. తండ్రి అడిగితే ప్రహ్లాదుడు తొమ్మిది భక్తిమార్గాలు చెప్పాడు. వాటిలో మొదటిది శ్రవణం. ఆ పిల్లవాడికి ఆ భక్తి ఎప్పుడు అబ్బింది? నారదుడి ఆశ్రమంలో, తల్లి కడుపులో ఉండగా. కళ్లు ఇంకా తెరవలేదు. లోకం ఎలా ఉంటుందో చూడలేదు. విన్నాడు, విన్నదాన్ని పట్టుకున్నాడు, కొండమీదినుంచి తోయించినా వదల్లేదు. అభిమన్యుడు కూడా తల్లి గర్భంలోనే విన్నాడని మన ఊళ్లలో కథ చెప్పుకుంటారు. పద్మవ్యూహంలోకి వెళ్లడం విన్నాడు, బయటపడే దారి చెప్పేసరికి తల్లి నిద్రపోయింది. సగమే విన్నాడు. ఆ సగమే ప్రాణం తీసింది.

మోగుతూ వచ్చే బంతి కూడా బ్యాటర్ దగ్గర సగం వినికిడిని ఒప్పుకోదు. మొదటి గలగల విని ఇటే వస్తోందని నిశ్చయించుకుని బ్యాటు తిప్పితే, నేలను తాకాక బంతి దిశ మారిపోయి ఉండవచ్చు. చివరి అడుగు వరకూ విని, అప్పుడు కదలాలి. ఎదుటివాళ్లు వాక్యం పూర్తి చేయకముందే మన జవాబు తయారై ఉంటుంది. గుళ్లో ప్రవచనం వింటూ కూడా ఇది మనకు తెలిసిందేలే అనుకుంటాం. ఆ తొందర మైదానంలో అయితే వికెట్ పోగొడుతుంది కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. ఇంట్లో ఏళ్ల తరబడి తెలియదు. భార్య చెప్పిన బాధ, కొడుకు చెప్పబోయిన భయం సగంలోనే ఆగిపోతాయి.

ధృతరాష్ట్రుణ్ని తలుచుకోకుండా ఈ మాట పూర్తికాదు. భగవద్గీత మొత్తం చూపులేని ఒక రాజు విన్న సంభాషణ. యుద్ధభూమిలో అర్జునుడు విన్నాడు, హస్తినలో కూర్చుని ధృతరాష్ట్రుడూ విన్నాడు. ఏడువందల శ్లోకాల్లో అతను పలికింది ఒక్కటే, మొదటిది. నావాళ్లూ పాండవులూ ఏం చేశారని అడిగాడు. ఆ ‘నావాళ్లు’ అన్న ముడి ఆ తర్వాత విన్న దేనితోనూ విడిపోలేదు. కళ్లు లేకపోవడం అతని లోపమే కాదు. విన్నది లోపలికి పోనివ్వకపోవడమే లోపం. అర్జునుడు చివర్లో లేచి విల్లు పట్టాడు. ధృతరాష్ట్రుడు కూర్చున్నచోటే ఉండిపోయాడు. విన్నది చేతుల్లోకి, కాళ్లలోకి, బ్యాటులోకి దిగినప్పుడే అది శ్రవణం అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చూపులేనివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ‘దేవుడు వాళ్లకు అంతర్నేత్రం ఇచ్చాడు’ అని తేలిగ్గా అనేస్తాం. మంచి మనసుతోనే అంటాం. ఆ మాటతో వాళ్ల కష్టాన్ని మాత్రం లెక్కలోంచి తీసేస్తున్నాం. శబ్దాన్ని బట్టి బంతి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో తెలుసుకోవడం ఒంటికి వరంగా వచ్చి చేరదు. ఎండలో వందలసార్లు తప్పితే ఒకసారి తగులుతుంది. చంచలమైన మనసును ఎలా పట్టుకోవాలని అర్జునుడు అడిగితే కృష్ణుడు రెండే సాధనాలు చెప్పాడు, అభ్యాసం, వైరాగ్యం. అభ్యాసం ఆటగాళ్లందరికీ తెలిసిందే. వైరాగ్యం అంటే మాత్రం ఆటకు సంబంధం లేదనుకుంటాం. అవుటైన బ్యాటర్ మైదానం దాటి వచ్చి, తనను అవుట్ చేసిన బంతిని మనసులోంచి వదిలేసి, తర్వాత వెళ్లే తోటి అమ్మాయికి పిచ్ ఎలా ఉందో చెప్పడంలో ఉన్నది అదే. అది రాకపోతే ఎంత అభ్యాసం ఉన్నా రెండో మ్యాచ్ ఆడలేరు.

కరుణ పుట్టిన ఆ కొండల్లో వినడం కొత్త విద్యేమీ కాదు. థింసా నృత్యం ఆడేటప్పుడు ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి వరుసగా కదులుతారు. తుడుము, డప్పు, మోరి చెప్పినట్టు పాదం పడుతుంది. పక్కమనిషి అడుగును ఒంటితో వింటేగాని ఆ వరుస నిలవదు. అదే కొండల్లో రోడ్డు లేక, గర్భిణిని డోలీలో మోసుకెళ్లే పల్లెలు ఇంకా ఉన్నాయి. అలాంటిచోట చూపులేని ఆడపిల్ల బడిదాకా వెళ్లడమే పెద్ద ప్రయాణం. ఏజెన్సీలో ఎంతమంది పిల్లలు ఇంటి గుమ్మం దగ్గరే కూర్చుండిపోయారో ఆలోచిస్తే, కరుణ చేసిన 42 పరుగులు వేరేగా వినిపిస్తాయి.

అంధుల క్రికెట్ 1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. ఫ్యాక్టరీలో పనిచేసే చూపులేని కార్మికులు ఇద్దరు రేకు డబ్బాలో రాళ్లు వేసి, దాన్నే బంతిగా చేసుకుని ఆడటం మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టులో మన కొండల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. ఒకదానితో ఒకటి సంబంధంలేని సంఘటనలు. కానీ తమకు దక్కనిదాన్ని ఎవరో ఇస్తారని ఎదురుచూడకుండా చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టిన ధైర్యం రెండింటిలోనూ ఉంది. ఆ రేకు డబ్బా ఆట 1998లో ఢిల్లీలో తొలి ప్రపంచకప్ దాకా వచ్చింది. మన పల్నాడు ప్రాంతం నుంచి వచ్చిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి భారత పురుషుల అంధ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. 2023లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ప్రపంచ అంధుల క్రీడల్లో మన మహిళల జట్టు బంగారు పతకం గెలిచింది. క్రికెట్ సంగతి అటుంచితే, ఈ కొండల కిందే ఉన్న విజయనగరంలో మసక చూపుతోనే వయొలిన్ సాధన చేసి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మన తాతలు చెవులారా విన్నారు. ఆయనకు చేతులు జోడించిన జాతి, పొరుగింటి చూపులేని పిల్లను చూసి జాలిపడి ఊరుకోవడం న్యాయం కాదు.

జాలి చూపించడం సులువు. ఆమెతో పోటీపడటం కష్టం. పోటీపడితే ఆమెను సాటి మనిషిగా ఒప్పుకున్నట్టు. ‘రెడీ?’ అని అడిగి, ఆమె జవాబు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత మన శక్తికొద్దీ బంతి వేయడంలో ఉన్న గౌరవం, దూరంనుంచి చల్లే సానుభూతిలో ఉండదు. సర్వభూతాల్లో ఒకే ఆత్మ ఉందని చదువుకున్నవాళ్లం. ఆ ఆత్మకు కొంచెం తక్కువ మార్కులు వేసి పాస్ చేయించడం భక్తి అనిపించుకోదు.

పాడేరులో ఏటా మే నెలలో మోదకొండమ్మ జాతర జరుగుతుంది. మైదానం నుంచీ, ఒడిశా నుంచీ కూడా జనం వస్తారు. సంక్రాంతికి, ఊరి జాతరలకు ఏజెన్సీ పల్లెల్లో వాలీబాల్, క్రికెట్ పోటీలు పెట్టడం మామూలే. ఈసారి పందేల్లో చూపులేని పిల్లల క్రికెట్ కూడా ఒకటి చేర్చమని జాతర కమిటీ పెద్దలను వేడుకుంటున్నాను. కావలసింది గలగలమనే బంతి, బ్యాటు, కొంత నేల, నియమాలు తెలిసిన ఒక మాస్టారు. పూర్తి జట్టు దొరకకపోతే ఒక్కో వైపు నలుగురితోనైనా ఆడించవచ్చు. బంతి దొర్లుతున్నంతసేపూ మైకులు ఆపేయాలి. జాతరలో అది కొంచెం కష్టమే, అయినా అమ్మవారి ముందు ఆ మాత్రం నిష్ఠ మనవాళ్లు పాటించగలరు. ఏ ఇంట్లో చూపులేని బిడ్డ ఉందో ఊరి ఆశా కార్యకర్తకు, అంగన్వాడీ టీచరుకు తెలుసు. ముందుగా వాళ్లను అడిగి పేర్లు రాసుకుంటే, మే నెలకల్లా అంతా సిద్ధం చేసుకోవచ్చు.