గోపురము కట్టువాని లెక్క

ధ్యానమునకు: లూకా 14:28–30



పునాది వేసి, ఆపైన కట్టలేక నలుగురిలో నవ్వులపాలైన మనుష్యుని సంగతి మన ప్రభువు చెప్పియున్నాడు. గోపురము కట్టదలచుట అతని తప్పు కాదు. లెక్క చూడక దిగుటయే తప్పు.

నేడు మన పల్లెలనుండి బిడ్డలు అమెరికా వెళ్లి చదువుచున్నారు. ఒక కాలేజీలో ఏడాది గడవగానే, “ఇంతకంటె పెద్ద యూనివర్సిటీకి మారవలెనని ఉన్నది, సీటు వచ్చునా?” అని ఇంటికి ఫోను చేయుదురు. తలిదండ్రులు ప్రార్థన చేయించుకొందురు. చేయవలసినదే. అయితే లెక్క చూచుట అవిశ్వాసము కాదు. గనుక ముందు కాగితము, పెన్సిలు తీసికొని కూర్చుండుడి.

మొదటి లెక్క, తలుపు ఎవరిది? నడుమ చేరువారికి పెద్ద యూనివర్సిటీలలో తరచుగా మిగులునవి, ఉన్నవారు వెళ్లిపోగా ఖాళీ అయిన సీట్లే. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 1990లో అట్టివారిని తీసికొనుట మానివేసి, 2018లో గాని మరల తలుపు తీయలేదు. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీ మార్గము వేరు. క్రొత్తగా చేరు ఇద్దరికి ఒకరు చొప్పున, నడుమ వచ్చువారిని చేర్చుకొనుట దాని ఉద్దేశము. ఆ రాష్ట్రపు రెండేండ్ల కాలేజీలవారికి అక్కడ మొదటి స్థానము. దాని ఆరు క్యాంపసులు, నిబంధనలు నెరవేర్చిన అట్టి విద్యార్థులకు ముందుగానే సీటు ఖాయము చేయును. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో క్యాంపసులలో ఆ హామీ లేదు.

రెండవ లెక్క, మన చేతిలో ఏమున్నది? రెండవ ఏటిలో చేరగోరువానికి కాలేజీ మార్కులు ఇంకను కొద్దియే గనుక, హైస్కూలు మార్కులను గట్టిగా చూతురు. మూడవ ఏటిలో చేరగోరువానికి కాలేజీ మార్కులే ప్రధానము. తాను కోరు శాఖకు ముందుగా చదువవలసిన పాఠములు చదువనియెడల మంచి మార్కులును చాలకపోవచ్చును. అనేక యూనివర్సిటీలు అధ్యాపకుల ఉత్తరములు కూడ అడుగును. ఏ అధ్యాపకునికిని తెలియని విద్యార్థినిగూర్చి ఎవరు వ్రాయుదురు?

మూడవది ఖర్చు. చదివిన పాఠములన్నిటిని క్రొత్త యూనివర్సిటీ లెక్కలోనికి తీసికొనకపోవచ్చును. అప్పుడు చదువు ఆరు నెలలో, ఏడాదియో పొడుగగును. ఆ కాలపు ఫీజు ఎవరు కట్టుదురు? విదేశీ విద్యార్థులకు సహాయము అనేక చోట్ల స్వల్పము. తండ్రి ఇదివరకే పొలము తాకట్టు పెట్టియున్నయెడల ఈ మాట బిడ్డతో దాచకూడదు.

నాలుగవది హృదయపు లెక్క. ఇక్కడ లేని పాఠము అక్కడ ఉన్నదా? నేర్వగోరిన విద్యను నేర్పువారు అక్కడ ఉన్నారా? అయితే ధైర్యముగా దరఖాస్తు పెట్టవలెను. సీటు వచ్చుట కష్టమైన చోట ఒకటి, వచ్చు ఆశ బాగుగా ఉన్న చోట రెండు చూచుకొని, ఉన్న కాలేజీని విడువక నిలువవలెను. అట్లుగాక, పెండ్లిలో పదిమంది ఎదుట పేరు చెప్పుకొనుటకే అయితే, ఆ గోపురము బిడ్డది కాదు, మనది.

తలిదండ్రులారా, “లేదు” అని జవాబు వచ్చిన దినమున మీ బిడ్డ భయముతో ఫోను చేయును. అప్పుడు మీరు మౌనముగా ఉండకుడి. పొరుగువాని కుమారుని మాట ఎత్తకుడి. “నీ ప్రార్థన చాలలేదు” అని అసలే అనకుడి. ఆ ఏడు ఆ యూనివర్సిటీలో ఆ బిడ్డకు చోటు దొరకలేదు, అంతే. దేవుడు త్రోసివేసెనని దానికి అర్థము కాదు. “అన్నము తింటివా?” అని అడుగుడి.

బిడ్డలారా, ఉన్నచోట నమ్మకముగా చదువుడి. మారినను మారకున్నను ఆ చదువు మీదే. కొంచెములో నమ్మకముగా ఉన్నవానిని ప్రభువు మరువడు.

లెక్క చూచుకొను జ్ఞానమును, జవాబు ఏదైనను తాళుకొను నెమ్మదిని ఆయన మన గృహములకు దయచేయును గాక. ఆమేన్.