కడుపు కోయించుకుంటే ధమ్మం తప్పినట్టా?



పోయిన పౌర్ణమి నాడు వందన అయ్యాక ఒక అక్క నన్ను పక్కకు పిలిచింది. ఆమెది అయిదడుగుల ఎత్తు, 110 కిలోల బరువు. షుగరు, బీపీ ఉన్నాయి. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడదు. ఖమ్మంలో డాక్టరుకు చూపిస్తే బరువు తగ్గే ఆపరేషన్ గురించి చెప్పారట. "తమ్ముడూ, నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటవా అని మనోళ్ళే నవ్వుతున్నరు. ఇది ధమ్మానికి తప్పా?" అని అడిగింది.

పక్కనున్న ఒక మిత్రుడు ఇంకో మాట అన్నాడు: "చర్ల, దుమ్ముగూడెం అడవి గూడేల్లో పిల్లలు ఎండిపోతుంటే, మనం లావు గురించి మాట్లాడుకోవడమా?"

రెండూ నిజమైన ప్రశ్నలే. కానీ ఎండిన బిడ్డకూ ఈ అక్కకూ పోటీ పెట్టకూడదు. జొన్నలు, పప్పులు కంచంలోంచి పోయి తెల్లన్నమే కడుపు నింపే చోట బక్కతనమూ ఉంటుంది, ఊబకాయమూ ఉంటుంది. దుఃఖానికి కారణం ఉంటుందని బుద్ధుడు చెప్పాడు. కారణం వెతకమన్నాడు గానీ బాధపడేవాళ్ళను ఎగతాళి చెయ్యమనలేదు. ఇప్పటి బాధను పోయిన జన్మ కర్మకు అంటగట్టడాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఆయన కూడా షుగరు జబ్బుతో ఏళ్ళ తరబడి బాధపడి, మందులు వాడినవారే.

కోసల రాజు పసేనది కథ మీకు తెలిసిందే. కుండెడు అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు నవ్వలేదు. ఎరుకతో, మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని చెప్పాడు. సుదస్సనుడనే యువకుడు ఆ మాట నేర్చుకుని, రాజు భోంచేసేటప్పుడల్లా గుర్తుచేశాడు. మెల్లమెల్లగా రాజు తిండి తగ్గింది, ఒళ్ళు తేలికైంది. అంతటి రాజుకే పక్కన ఒక మనిషి తోడు కావలసి వచ్చింది.

అయితే జబ్బు ముదిరితే మాట ఒక్కటే సరిపోదు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. అందుకే చాలామంది తగ్గి మళ్ళీ పెరుగుతారు. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. అది 35 దాటితే ఆపరేషన్ మేలని 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు సిఫారసు చేశాయి. ఆసియా వాళ్ళకు ఇంకా తక్కువలోనే ఆలోచించవచ్చన్నాయి. మన అక్కకు 47. స్లీవ్ అనే పద్ధతిలో కడుపు సంచిలో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. ఆకలి పుట్టించే హార్మోన్ కూడా తగ్గుతుంది. చాలామందికి షుగరు అదుపులోకి వస్తుంది.

కొవ్వు పీల్చే లైపోసక్షన్ వేరు. సినీనటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్నది అదేనని పత్రికలు రాశాయి. అది ఊబకాయానికి వైద్యం కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని భయపడొద్దు. అలాగని కడుపు ఆపరేషన్‌కు ప్రమాదమే లేదనీ అనుకోవద్దు. కుట్లు లీకవడం, రక్తస్రావం అరుదైనా జరుగుతాయి.

కాబట్టి అక్కకు నేను చెప్పింది ఇదే. జనం వెక్కిరింపుకు భయపడి చేయించుకోవద్దు. జబ్బు తగ్గడానికైతే తప్పు లేదు. మిత్తికి అప్పు తేవద్దు, ముందు పెద్ద ప్రభుత్వాసుపత్రిలో అడుగుదాం. ఆపరేషన్ తర్వాతే అసలు శీలం మొదలవుతుంది. కొంచెం కొంచెంగా, నమిలి తినాలి. ముందు పప్పు, గుడ్డు తినాలి. విటమిన్లు జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు మానకూడదు. మందు అసలే ముట్టకూడదు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు అది తొందరగా తలకెక్కుతుంది, అలవాటూ అవుతుంది. అయిదో శీలం ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

మరి మన సంగతి? రోగికి సేవ చేస్తే తనకు చేసినట్టేనన్నాడు బుద్ధుడు. అక్కతో పొద్దున్నే నడవడానికి ఎవరు వస్తారు? ఆసుపత్రికి తోడు ఎవరు పోతారు? వచ్చే పౌర్ణమికి లడ్డూల బదులు గుగ్గిళ్ళు పెడదామా? నవ్వినవాళ్ళే ముందు చేయెత్తితే బాగుంటుంది.

భవతు సబ్బ మంగళం.