నెమలి కాళ్లు

“మావానికి బొమ్మలు రావు, అది పుట్టుకతో రావలసిన విద్య” అని మన యిండ్లలో పదేండ్ల బాలునిగూర్చి తీర్పు చెప్పివేయుదురు. ఆ తీర్పెంత తొందరపాటో శ్రీకాళహస్తి కలంకారీ పని చూచినవారికి తెలియును. అచ్చటి కలము వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారముతో కట్టినది. ఆ యున్నిని వ్రేళ్లతో నొక్కినకొలది రంగు దిగును. ఇనుమును బెల్లపునీటిలో దినములకొలది నానవేసి తీసిన యా నలుపు, కరక్కాయయు పాలును పట్టించిన గుడ్డపై పడినచో మరి పోదు. కావుననే ముందు చింతబొగ్గుతో గీయుదురు, బొగ్గుగీతను దులిపివేయవచ్చును. తప్పులన్నియు బొగ్గునాడే తీరవలెను.

1957లో అచ్చట ప్రభుత్వ శిక్షణకేంద్రము వెలసినది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అందు గురువులైరి. పుట్టుకతో రావలెనన్న విద్య బడిపాఠమైనది.

అయితే గీచినదే గీచుట అభ్యాసము కాదు. చిన్ననాట నేను నెమలిని నూరుమార్లు గీచియుందును. మెడయు పింఛమును చక్కగా కుదిరెడివి. కాళ్లు కుదరకుండుటచే గడ్డిలో దాచెడివాడను. ఇంటివా రెల్లరు మెచ్చుకొనిరి. కాళ్లు నాకు నేటికిని రావు. ఆ కాళ్లనే నూరుమార్లు గీయించు గురువు కఠినుడని మన మనుకొందుము. పిల్లల బొమ్మలను మెచ్చుకొనునపుడు గడ్డివెనుక నేమున్నదని యెన్నడైన నడిగితిమా?