మస్టరు ఎవరి సాక్షి?

పద్దు రాసేవాడొకడు, పద్దులోకి ఎక్కేవాడొకడు. వీరిలో నిజం ఎవరి సొత్తు?

2017 ఫిబ్రవరిలో కేంద్ర కార్మికశాఖ, 9 కార్మిక చట్టాల కింద యజమానులు నిర్వహించవలసిన 56 రిజిస్టర్లను, ఫారాలను 5కి కుదించింది. యజమానులకు బరువు తగ్గించామన్నది. ఒకే మనిషి పేరూ జీతమూ పదిచోట్ల రాయించడం తెలివైన పని కాదు. ఇద్దరు కుర్రాళ్లతో అచ్చాఫీసు నడుపుకునేవాణ్ణి దస్త్రాలతో సతాయించడం సోషలిజమూ కాదు. (రిజిస్టరు ఎంత లావుగా ఉంటే హక్కు అంత గట్టిదనే భ్రమ మనవాళ్లలోనూ కొందరికుంది.) అయినా ఆ 'బరువు' అనే మాట నాకు మింగుడుపడదు. యజమానికి బరువైన పుస్తకమే కూలివాడికి సాక్షి. ఒకరి బరువును తూచి, రెండోవాడి సాక్షిని తూచని త్రాసు ఏం త్రాసు?

మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథంలో పనిదినం గురించి రాసిన అధ్యాయం చాలావరకు బ్రిటిష్ ఫ్యాక్టరీ ఇన్స్పెక్టర్ల నివేదికల మీద నిలబడింది. భోజన విరామంలోంచి మిల్లుయజమానులు నిమిషాలు కాజేసిన సంగతి లెనర్డ్ హార్నర్ వంటి ప్రభుత్వోద్యోగులు రాసిపెట్టబట్టే మనకు తెలిసింది. అందుచేత సర్కారు కాగితాన్ని చులకన చెయ్యను.

మనకూ 2019 వేతనాల కోడ్ ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. వేతనం ముట్టలేదని కార్మికుడు దావా వేస్తే, ముట్టిందని రుజువు చేసే భారం యజమానిదేనని 59వ సెక్షను చెబుతుంది. మంచిదే. కాని విచారణలో తెరుచుకునే పుస్తకం ఎవరు రాసింది? అంకె వెయ్యకముందే వేలిముద్ర వేయించుకున్నదైతే? చిత్రగుప్తుడు సైతం చచ్చినవాడికి వాడి చిట్టా చదివి వినిపిస్తాడంటారు. బతికున్నవాడికి వాడి మస్టరు ఎవరు వినిపిస్తున్నారు?

ఆ పుస్తకాల్లో ఏమేమి రాయాలో నియమాలు చెబుతాయి. ఆ నియమాలను ముసాయిదాగా ముందు ప్రకటించాలని కోడ్ 67వ సెక్షను షరతు పెట్టింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షను ప్రకారం, నియమం ఎవరికి తగులుతుందో వారి ఎరుక కోసమే ఆ ప్రకటన. గడువులోగా వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి తీరాలి. గనులు కేంద్రం పరిధిలోవి. కేంద్ర గెజిటు హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. తెలుగు తప్ప మరో లిపి రాని గని కూలికి ఎరుక ఎలా కలుగుతుంది? యజమానుల సంఘాలకు వకీళ్లున్నారు. కార్మిక సంఘాలూ రాస్తాయి, నిజమే. ఏ సంఘంలోనూ లేని కాంట్రాక్టు కూలి సంగతేమిటి? పరిశీలించాలన్న ఆ సెక్షను, కాదన్నదానికి కారణం చెప్పమనలేదు. పైగా, ముందస్తు ప్రకటన తర్వాత చేసినట్టు నియమం గెజిటులో అచ్చయితే, అది సక్రమంగా తయారైందనడానికి ఆ అచ్చే తిరుగులేని రుజువట! మస్టరుకు యజమాని సాక్షి. గెజిటుకు గెజిటే సాక్షి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మస్టరు నకలు కార్మికుడి భాషలో కార్మికుడి చేతికి రావాలి. ముసాయిదాను గని గేటు దగ్గర తెలుగులో చదివి, విన్నవాళ్లు చెప్పింది రాసుకోవాలి. తోసిపుచ్చితే ఎందుకో సంతకం పెట్టి చెప్పాలి. ఖర్చంటారా, 56ను 5 చేసి మిగిల్చిన కాగితం ఉందిగా. చదివి వినిపించే పనికి మాత్రం ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. తర్వాతి ముసాయిదా రాగానే గని ఊళ్లలోని ఉపాధ్యాయులు, విద్యార్థులు మొదలుపెట్టవచ్చు.