పద్మాక్షి గుట్టమీది శిలాస్తంభము

స్తంభమును నిలుపుట సులభము; దాని యెదుట తల వంచుట కష్టము. ద్రవ్యమున్నవాడు రాయి తెప్పించును, శిల్పిని పిలిపించును, పేరు చెక్కించును. ఆ రాయి ధర్మమునకు గుర్తగునా, అహంకారమునకు గుర్తగునా యన్నదే విచారింపవలసిన సంగతి.

హనుమకొండ నగరములో పద్మాక్షి గుట్టపై, అమ్మవారి గుడి ముంగిట నాలుగు పలకల నల్లరాతి స్తంభ మొకటి కలదు. నాలుగు వైపులను తీర్థంకరుల మూర్తులు పరివారముతో చెక్కబడియున్నవి. ఏ దిక్కునుండి వచ్చినవానికైనను జినదర్శనమే. దానిమీది కన్నడ శాసనము క్రీ. శ. 1117 నాటిది. అప్పుడు అనుమకొండ నేలుచుండినవాడు కాకతీయ రెండవ ప్రోలరాజు. కల్యాణ చాళుక్యులకు సామంతుడు. ఆయన మంత్రి బేతన భార్య మైలమ ఈ గుట్టపై కడలాలయ బసదిని కట్టించి, దాని పోషణకు భూమి నిచ్చినది. ఉగ్రవాడి మేళరసుడును భూమి నిచ్చెను. ఆ దానముల పద్దే యీ రాతిమీద నున్నది.

పద్దు విలువ వర్తకునకు తెలియును. తాటాకు చెదలు పట్టును. నోటిమాట గాలికి పోవును. ధర్మపు సొత్తును వెనుకటివారు మ్రింగకుండుటకే పూర్వులు రాతిమీద వ్రాయించిరి.

కాలము మారినది. నలువదియారేండ్లకు, 1163లో, ప్రోలరాజు కుమారుడు రుద్రదేవుడు అదే పట్టణమున శివునకును, విష్ణువునకును, సూర్యునకును వేయిస్తంభముల గుడి కట్టించెను. చాళుక్యులు పోయిరి, కాకతీయులును పోయిరి. గుట్టమీది దేవిని నేడు జనులు పద్మాక్షమ్మ యని కొలుచుచున్నారు. బతుకమ్మ పండుగకు ఆడపడుచులు పూలతో గుట్టక్రింది చెరువునకు వత్తురు. స్తంభము మాత్రము నిలిచియున్నది.

ఇది విని “మన సొత్తు పరులపాలైనదే” యని నిట్టూర్చువారు కలరు. “అది యెన్నడును వారిది కాదు” అని వాదించువారును కలరు. ఇరువురి నోటను పలుకునది “నాది” అను మాటయే. సమవసరణమున నాలుగు దిక్కులను మానస్తంభము లుండునని పురాణములు చెప్పును. మహావీరస్వామిని వాదమున గెలువవచ్చిన ఇంద్రభూతి గౌతముడు మానస్తంభమును చూడగనే గర్వము విడిచి, స్వామికి ప్రథమ గణధరు డయ్యెను. గర్వమును దింపవలసిన స్తంభమునే గర్వమునకు కారణము చేసికొన్నచో, మందే విషమైనట్లు కాదా?

పూలు తెచ్చిన తల్లికి అమ్మవారు సత్యము. శ్రావకునకు జినుడు సత్యము. నాలుగు వైపులు గల రాయి యెవరికిని వీపు చూపలేదు. అనేకాంతమునకు ఇంతకంటె తేటయైన పాఠ మేది?

అట్లని మరచిపోవుట అపరిగ్రహము కాదు. అశ్రద్ధకు అపరిగ్రహమని పేరు పెట్టుకొనరాదు. అక్కడికి పోవువారు శాసనమును తమ బిడ్డలకు చూపవలెను. మైలమ కథ చెప్పవలెను. అక్షరములపై సున్నము గాని రంగు గాని పడకుండ చూడవలెను. అమ్మవారికి మ్రొక్కువారిని కూడ కలుపుకొని ఈ పని చేయవలెను. కాపాడుట వేరు, కలహించుట వేరు.

ఆలయమునకు పదిరూపాయ లిచ్చి పలకమీద పేరు కోరువారు ఒక్కమాట తలచుకొందురు గాక. మైలమ పేరు చదువగల పండితులు నేడు కొందరే. జినుని శాంతమూర్తిని చూడగలవారు అందరును. దాత పేరునకు అక్షరజ్ఞానము కావలెను. ధర్మమునకు కన్నులు చాలును.

అర్హంతులకు నమస్కారము.