బిగిసినదంతయు సరిపడునా?

ఒక వస్తువు మరియొక వస్తువునకు సరిపోయినదని మనము ఎప్పుడు చెప్పవచ్చును? ప్రశ్న చిన్నదిగానే కనబడును. బోల్టులు రంధ్రములలో ఇమిడినవి, మర బిగిసినది, యంత్రము తిరుగుచున్నది. ఇంకేమి కావలెనని పనివాడు అడుగును. అయితే మన తెలుగులో ‘సరిపోవుట’ అను మాటకు ఒకటి కంటె ఎక్కువ అర్థములు కలవు. కొలతకు చాలుటయు సరిపోవుటయే. స్వభావమునకు ఇమిడియుండుటయు సరిపోవుటయే. మొదటిది చేతికి వెంటనే తెలియును. రెండవది కొంతకాలము గడచిన గాని తెలియదు. ఈ రెంటిని ఒకటిగా ఎంచుటవలన కార్లు మాత్రమే గాక కుటుంబములును నడిదారిలో ఆగిపోవుచున్నవి.

జంషెడ్‌పూరులోని భాలుబాసా వంటి పేటను తలంచుకొందము. సాక్చి గ్రామమునొద్ద వెలసిన కర్మాగారములో 1912లో మొదటి ఉక్కు తయారైనది; 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూరు అను పేరు వచ్చినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మన తెలుగువారు అనేకులు పని వెదకుచు అక్కడికి వెళ్లి స్థిరపడిరి. ఇనుముతో బ్రదుకు ముడిపడిన ఊరు గనుక యంత్రమును గూర్చిన మాట అక్కడ ఇంటింటను అర్థమగును. అట్టి పేటలో ఒక పెద్దాయన ఇంటి ముంగిట పాత అంబాసిడర్ కారు నిలిచియున్నదనుకొందము. హిందుస్థాన్ మోటార్స్ వారు బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనానుబట్టి చేసిన ఈ కారు తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగిపోయినది. కావున ఒక భాగము చెడినయెడల అచ్చముగా అటువంటిదే సంపాదించుట ఎల్లప్పుడు సులభము కాదు. తొలినాళ్ల డైనమో అరిగిపోగా, పెద్దాయన పాత సామానుల అంగడినుండి వేరొక కారుకు చెందిన ఆల్టర్నేటరును తెచ్చెను. మెకానిక్ దానిని బిగించెను. ఇంజను మ్రోగినది. పది దినములకు బ్యాటరీ చచ్చినది.

ఇప్పుడు దోషము ఎక్కడ ఉన్నది? మొదట అందరు ఆల్టర్నేటరునే నిందింతురు. పాతది గనుక పాడై యుండునందురు. తీసికొనిపోయి పరీక్షించినచో అది చక్కగా విద్యుత్తు పుట్టించును. తరువాత బ్యాటరీని నిందింతురు, దానిని మార్చుదురు, క్రొత్తదియు అట్లే చచ్చును. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదను సామెత ఇట్టి చోట పుట్టినదేమో! తెలిసిన పనివాడైతే ఎవరిని నిందింపక ముందు మీటరు తీయును. ఇంజను ఆగియున్నప్పుడు నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరుగునప్పుడు అది 13.8 మొదలు 14.4 వరకు పెరుగవలెను. పెరుగనియెడల బ్యాటరీకి ఆహారము అందుట లేదు. 15 దాటినయెడల మితిమీరి అందుచున్నది, లోపలి నీరు మరిగిపోవును. ఆల్టర్నేటరు నోటివద్దను, బ్యాటరీ కొనవద్దను వోల్టులు వేరువేరుగా ఉన్నచో దోషము ఆ రెంటిలో లేదు, నడుమనున్న తీగెలో ఉన్నది.

నడుమ అను ఈ మాటను గమనింపుడి. ఆ కాలపు డైనమో సుమారు 22 ఆంపియర్లు ఇచ్చెడిది. దాని తీగెలు, దాని అమ్మీటరు, గోడకు బిగించిన కంట్రోలు పెట్టె, అన్నియు ఆ కొలతకే చేయబడినవి. క్రొత్తగా వచ్చిన ఆల్టర్నేటరు దానికంటె ఎంతో ఎక్కువ ఇయ్యగలదు. పైగా తన నియంత్రణ సాధనమును తనలోనే కలిగియుండును. పాత పెట్టెను ఉన్నచోటనే ఉంచి దాని గుండా ఈ ప్రవాహమును పంపినచో, ఇద్దరు యజమానులున్న ఇల్లువలె ఉండును. మరియు ఆ కాలపు బ్రిటిషు కార్లనేకము బ్యాటరీ ధన ధ్రువమును కారు శరీరమునకు కలిపెడివి. తరువాతి కాలపు ఆల్టర్నేటరు ఋణ ధ్రువము శరీరమునకు కలిసియుండునని నమ్మి చేయబడినది. ఈ సంగతి చూడక తగిలించినచో దానిలోని డయోడులు క్షణములో కాలిపోవును. పుల్లీ వరుస తప్పినచో బెల్టు కీచుమని అరచును. అదియొక్కటే బయటికి వినబడు దోషము. తక్కినవన్నియు నిశ్శబ్దముగా జరుగును.

వీటన్నిటిలో నా మనస్సును ఎక్కువగా పట్టుకొన్నది డ్యాష్‌బోర్డు మీది చిన్న ఎర్ర దీపము. డైనమో కాలములో అది సాక్షి మాత్రమే: విద్యుత్తు పుట్టుచున్నదో లేదో చెప్పెడిది. ఆల్టర్నేటరు వచ్చిన తరువాత దానికి మరియొక పని కలిగినది. తాళము త్రిప్పగనే ఆ బల్బు గుండా పోవు స్వల్ప విద్యుత్తే లోపలి చుట్టకు మొదటి అయస్కాంత బలమును ఇచ్చును. బల్బు మాడిపోయినచో అనేక ఆల్టర్నేటర్లు మేలుకొననే మేలుకొనవు. అయితే కొందరు పనివారు ఏమి చేయుదురు? దీపము ఆరకుండ విసిగించుచున్నదని బల్బు తీసివేయుదురు. లేక దాని తీగెను ఆయిలు దీపపు తీగెకు ముడివేసి, ఇంజను కదలగనే ఆరిపోవునట్లు చేయుదురు. యజమాని చూచి సంతోషించును. సాక్షి నోరు మూయుటయే గాక, ఆ సాక్షి చేయవలసిన పనియు ఆగిపోయినది. ఒక రాత్రి చాయిబాసా దారిలోనో, రాంచీ దారిలోనో, ముందు దీపములు పసుపు వర్ణమునకు తిరిగి, మెల్లగా మసకబారి, వెనుక లారీ వచ్చుచుండగా కారు ఆగిపోయినయెడల, ఆ బల్బు తీసిన చేతికి దానిలో పాలు లేదందుమా?

ఇక్కడ ధర్మసంకటము కలదు. అంగడివాడు మంచి సరుకే అమ్మెను. మెకానిక్ అడిగిన పనియే చేసెను. పెద్దాయన తన సొమ్మునకు తగిన వస్తువు కొనెను. విడివిడిగా చూచిన ఎవరును అబద్ధమాడలేదు, అయినను బ్యాటరీ చచ్చినది. కాబట్టి తప్పు ఎవరిదియు కాదని తేల్చుట సులభము. నేను దానికి ఒప్పుకొనను. రెండు వస్తువులను కలుపువాడు రెంటిని చూచుటకు బద్ధుడు. ఒకదానినే చూచి కలిపినవాడు ‘నా వైపు అంతయు సరిగానే ఉన్నది’ అనుటకు అర్హుడు కాడు. అయితే భారమంతయు మెకానిక్ మీదనే వేయుటయు న్యాయము కాదు. ‘ఏదో ఒక విధముగా నడిపించు, రేపటికి కావలెను’ అని తొందరపెట్టిన యజమాని, నిజము చెప్పు స్వాతంత్ర్యమును అతనియొద్దనుండి సగము లాగుకొనెను. నిజము విన ఇష్టములేని ఇంటిలో మంచివాడును బల్బు తీయుట నేర్చుకొనును.

ఈ ఊరిలో ఒక కాలమున తండ్రి విశ్రాంతి పుచ్చుకొనగా కుమారునికి అదే కర్మాగారములో పని దొరకుట అరుదు కాదు. అది ఎన్నో కుటుంబములను నిలిపిన మేలు. దానిని నేను తక్కువ చేయను. కాని తండ్రి స్థానమునకు బిగించిన కుమారుడు తండ్రి కాడు. అతని బలము వేరు, అతని వేగము వేరు. తండ్రికి చాలిన తీగెలు అతనికి చాలవు, లేక తండ్రి మోసిన బరువు అతడు మోయలేడు. పనిలో ఎదుగనప్పుడు ‘పిల్లవాడు పనికిరానివాడు’ అందురు. మన భాషలో మారుతల్లి అను మాటయు ఉన్నది. ఆ పేరులోనే ఆమెకు పాత కొలత అంటగట్టబడినది. పిల్లలకు అన్నము పెట్టుటలో లోపము లేకున్నను, వెళ్లిపోయిన ఆమె వలె నవ్వదని ఇల్లంతయు ఆమెను తూచును. సర్దుకొనిపొమ్మని ఆమెకు చెప్పుదురు గాని, ఇంటి పాత తీగెలను మార్చవలెనని ఎవరికిని తోచదు. సౌలు తన శిరస్త్రాణమును, కవచమును దావీదునకు తొడిగినప్పుడు ఆ కవచము మంచిదే, ఆ బాలుడును మంచివాడే. అతడు నడచి చూచి, అలవాటు లేదని తీసివేసెను. రాజు దానికి కోపగించినట్లు లేదు. అట్లు నడచి చూచు అవకాశము, తీసివేయు అవకాశము, మనము మారుతల్లికి గాని, కుమారునికి గాని ఇచ్చుచున్నామా?

ఆల్టర్నేటరును తీసివేయుటయే సరియైన మార్గమని దీని భావము కాదు. పాత కారుకు అది మేలే చేయును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు డైనమో ఇయ్యలేని విద్యుత్తును అది ఇచ్చును. లావు తీగెలు వేసి, పాత పెట్టెను దాటించి, ధ్రువములను సరిచూచి, పుల్లీ వరుసను కూర్చినచో ఎంతోకాలము పనిచేయును. ఖర్చు మాత్రము ఆల్టర్నేటరు వెలతో ముగియదు. క్రొత్తవారిని చేర్చుకొను ఇల్లు తానును కొంత మారవలసియుండుట అందరికి రుచించదు. అందుచేతనే బల్బు తీయుట అంత తరచుగా జరుగుచున్నది.

ఇక ఆ పెద్దాయన కారును అమ్మదలచినాడనుకొందము. కొనవచ్చిన యువకుడు దానిని అద్దెకు త్రిప్పుకొని బ్రదుకవలెనని ఆశించుచున్నాడు. తాళము త్రిప్పగనే ఇంజను కదలినది, ఎర్ర దీపము ఎక్కడను కనబడలేదు. ‘అంతయు బాగున్నదా, బాబాయిగారూ?’ అని అతడు అడిగెను. నడుచుచున్నదని చెప్పిన అది అబద్ధము కాదు. ఆ ప్రశ్నకు జవాబును కాదు. ఖాళీ గూటిలో బల్బు పెట్టించి, వెలిగిన దీపమును అతనికి చూపి, ఏ భాగము ఏ కారునుండి వచ్చినదో, ఏ తీగె ఇంకను మార్చలేదో చెప్పి తాళము చేతికియ్యవలెను. ధర కొంత తగ్గును.